దారి కోసం ఒక దేశం

1947 అక్టోబరు 30న జెనీవాలో ‘గాట్’ వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్న 23 దేశాల పట్టిక చూస్తే ఒక విచిత్రం కంటబడుతుంది. అందులో భారతదేశం, పాకిస్తాన్ ఉన్నాయి. అప్పటికి వాటి స్వాతంత్ర్యం వయసు రెండున్నర నెలలు. ఇంకా స్వాతంత్ర్యమే రాని బర్మా, సిలోను కూడా ఉన్నాయి. పరాయి పాలన కిందికి వెళ్ళని నేపాల్ మాత్రం లేదు. రాణాల ఏలుబడిలో తలుపులు మూసుకుని ఉన్న రాజ్యమది.

ఆ తరువాత వలసపాలన నుంచి విడివడిన దేశాలకు గాట్ 26వ అధికరణం ఒక దగ్గరిదారి చూపింది. పాత ప్రభువు సిఫారసు చేస్తే చాలు, సుంకాల బేరసారాలు దాదాపు లేకుండానే సభ్యత్వం లభించేది. ఆఫ్రికా దేశాలు ఎన్నో ఆ దారినే వచ్చాయి. ఎవరికీ వలస కానందువల్ల నేపాల్‌కు ఆ సౌకర్యం లేకపోయింది! ఈ సంగతి మొదటిసారి గ్రహించినప్పుడు నవ్వాలో నిట్టూర్చాలో నాకు తెలియలేదు.

నేపాల్‌కు ఆ సభ్యత్వం ఎందుకు కావలసివచ్చిందో తెలియాలంటే 1989కి వెళ్ళాలి. ఆ మార్చిలో భారత్‌తో ఉన్న వాణిజ్య, రవాణా ఒడంబడికల గడువు తీరిపోయింది. చైనా నుంచి నేపాల్ ఆయుధాలు కొన్నదని ఢిల్లీకి కోపం; రెండు ఒడంబడికలూ వేర్వేరుగానే ఉండాలని ఖాట్మండుకు పట్టుదల. సరిహద్దు దారుల్లో రెండు తప్ప మిగిలినవి మూతపడ్డాయి. కిరసనాయిలుకూ, పెట్రోలుకూ జనం అల్లాడారు. ఆ ఏడే నేపాల్ గాట్ తలుపు తట్టింది. దరఖాస్తును పరిశీలించే బృందం జూన్‌లో ఏర్పడింది. గాట్ 5వ అధికరణం చెప్పేది సరిగ్గా దారి గురించే: ఒక సభ్యదేశపు సరుకు మరొక సభ్యదేశపు భూమి మీదుగా, అనువైన మార్గాన, అడ్డంకి లేకుండా సాగిపోవాలి. ఈ రెండు సంఘటనలు ఒకే ఏట జరగడం నాకు కాకతాళీయంగా తోచదు. సముద్రం లేని దేశానికి వాణిజ్యమంటే ముందుగా దారి, ఆ తరువాతనే సుంకాలు.

బేరం మాత్రం సుంకాల మీదనే జరిగింది. 1995లో గాట్ స్థానంలో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. అందులో చేరే పద్ధతి గమనించదగ్గది. చేరదలచిన దేశం తన చట్టాలన్నిటినీ వివరిస్తూ ఒక పత్రం సమర్పించాలి. సభ్యులు ప్రశ్నలు వేస్తారు. ఆపై ఏ సభ్యదేశం కోరితే దానితో విడిగా కూర్చుని బేరమాడాలి. ఒకరికి ఇచ్చిన రాయితీ అందరికీ ఇచ్చినట్టే. ఎంతవరకు అడగవచ్చునన్న దానికి నిబంధనల్లో హద్దు లేదు. సంస్థ లోపల ఉన్నవాడు అడుగుతాడు, బయట ఉన్నవాడు ఇస్తాడు. పెళ్ళిచూపుల్లో ప్రశ్నలన్నీ ఒక వైపు నుంచే వచ్చినట్టు! అతి పేద దేశాల విషయంలో సంయమనం పాటించాలని 2002 డిసెంబరులో సభ్యులే ఒక తీర్మానం చేసుకోవలసివచ్చిందంటే అంతకుముందు స్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

నేపాల్ వ్యవసాయ సుంకాల గరిష్ఠ పరిమితి సగటున 42 శాతం దగ్గర, మిగతా సరుకులది 24 శాతం దగ్గర కుదిరింది. ఇవి మరీ చెడ్డ అంకెలు కావు. సేవల్లో 11 రంగాలు తెరవడానికి ఒప్పుకున్నారు. అసలు పేచీ విత్తనం దగ్గర వచ్చింది. కొత్త వంగడాల మీద వాటిని రూపొందించినవారి హక్కులు కాపాడే ‘యూపోవ్’ ఒప్పందంలోనూ చేరాలన్న ఒత్తిడి వచ్చింది. దాని 1991 నాటి రూపం ప్రకారం, రక్షణ పొందిన వంగడపు విత్తనాన్ని రైతు తన పొరుగువానికి ఇవ్వడం కూడా కష్టమే. ఖాట్మండులోని పౌరసంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. చివరికి, జాతీయ ప్రయోజనాలను బట్టి భవిష్యత్తులో పరిశీలిస్తామన్న మాటతో నేపాల్ బయటపడింది. వ్యవస్థాపక సభ్యురాలైన భారతదేశానికి ఈ తిప్పలు లేవు. విత్తనం దాచుకోవడానికీ, మార్చుకోవడానికీ, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికీ రైతుకు హక్కునిచ్చే చట్టాన్ని 2001లో తనకు తానే చేసుకోగలిగింది.

2003 సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కూన్‌లో నేపాల్, కంబోడియాల ప్రవేశానికి ఆమోదం లభించింది. వ్యవసాయ సబ్సిడీల వంటి తగాదాలతో విఫలమైన ఆ సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టిన ఘట్టం అదొక్కటే కావచ్చు. 2004 ఏప్రిల్ 23న నేపాల్ 147వ సభ్యదేశమైంది. అప్పటికి ఆ దేశంలో పార్లమెంటు లేదు. 2002 మేలో రద్దయిన సభ 2006 వరకు తిరిగి కొలువుతీరలేదు. పదిహేనేళ్ళ బేరాన్ని ప్రజాప్రతినిధులు చర్చించకుండానే దేశం సంతకం పెట్టేసింది. సుంకాల అంకెలకన్న నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. పైగా ఎనిమిది నెలలకే, 2005 జనవరి 1న, బట్టల ఎగుమతి కోటాలు ఎత్తివేశారు. అమెరికాలో నేపాలీ రెడీమేడ్ దుస్తుల అమ్మకాలు కుంగిపోయాయి.

మరి దారి మాట? 2015లో, భూకంపం వచ్చిన ఏడే, కొత్త రాజ్యాంగం మీద మధేశీల ఆందోళన నడుమ సరిహద్దులో లారీలు మళ్ళీ ఆగిపోయాయి. ఇది దిగ్బంధమని నేపాల్ అన్నది; కాదు, అవతలి వైపు అశాంతి వల్లనేనని భారత్ అన్నది. దాదాపు అయిదు నెలలు గ్యాసు బండకు కటకటే. ఇప్పుడు ఇద్దరూ సభ్యులే, 5వ అధికరణమూ అలాగే ఉంది. అయినా నేపాల్ జెనీవాలో వ్యాజ్యం వేయలేదు. నేను తప్పుపట్టను. అక్కడ తీర్పు రావడానికి ఏళ్ళు పడుతుంది. తన వాణిజ్యంలో సుమారు మూడింట రెండు వంతులు ఎవరితో సాగుతుందో వారిపైనే దావా వేసి ఇంటికి వచ్చేదెలా?

2016 ఫిబ్రవరిలో నేపాల్ ప్రధాని ఢిల్లీ వచ్చారు. అంతవరకు కోల్‌కతా మీదనే ఆధారపడిన నేపాల్‌కు రెండో రేవుగా మన విశాఖపట్నాన్ని వాడుకునేందుకు ఇరు ప్రభుత్వాలూ లేఖలు మార్చుకున్నాయి. విశాఖ నుంచి బీర్‌గంజ్‌కు రమారమి 1400 కిలోమీటర్లు, కోల్‌కతా దూరానికి సుమారు రెట్టింపు. కానీ హుగ్లీ నదిలోకి రాలేని పెద్ద ఓడలు విశాఖకు వస్తాయి. అటుపై నేపాల్ కంటెయినర్లు విశాఖలో రైలెక్కి బీర్‌గంజ్‌కు వెళ్ళసాగాయి.