లైకా నకలుగా మొదలైన ఫెడ్

సోవియట్ రేంజ్‌ఫైండర్ కెమెరాలను ‘లైకా నకళ్లు’ అని ఒక్క మాటలో తేల్చేయడం పరిపాటి అయినా, ఆ మాట మొదటి ఫెడ్‌కు సరిపోయినంతగా దాని తరువాతి కెమెరాలకు సరిపోదు. ఖార్కొవ్‌లో అనాథ బాలల కోసం 1927లో వెలసి, విద్యావేత్త మకరెంకో నడిపిన జెర్జిన్‌స్కీ కమ్యూన్, జర్మనీలో 1932లో వచ్చిన లైకా-2ను అనుసరించి 1934లో ఈ కెమెరా తయారీని చేపట్టింది. ఆ కమ్యూన్‌కు పేరిచ్చిన సోవియట్ నాయకుడు ఫెలిక్స్ ఎద్ముందోవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోని తొలి అక్షరాలే ‘ఫెడ్’ అయ్యాయి.

కెమెరా ముందుభాగంలోని రెండు కిటికీల గుండా వచ్చే ప్రతిబింబాలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కుదిరితే ఫోకస్ కుదిరినట్టే. ఈ అమరికనే రేంజ్‌ఫైండర్ అంటారు. కిటికీలు ఎంత ఎడంగా ఉంటే కొలత అంత నిక్కచ్చిగా వస్తుంది. మొదటి ఫెడ్‌లో ఆ ఎడం 38 మిల్లీమీటర్లే కాక, ఫోకస్‌కు ఒక రంధ్రంలోనూ, చట్రం చూసుకోవడానికి మరో రంధ్రంలోనూ కన్ను పెట్టవలసి వచ్చేది. ఫిల్ము కొసను పొడవుగా కత్తిరించి అడుగు నుంచి దూర్చవలసి వచ్చేది. 1955లో వచ్చిన ఫెడ్-2 రెండు రంధ్రాలనూ ఒకటి చేసి, ఎడాన్ని 67 మిల్లీమీటర్లకు పెంచి, వెనుక మూత ఊడదీసి ఫిల్ము వేసుకునే వీలు కల్పించింది. ఫెడ్ వంశంలో ఇంతకన్నా సమర్థమైన రూపకల్పన మరొకటి లేదు. 1961 నాటి ఫెడ్-3లో సెకను వరకు సాగే నెమ్మది వేగాలు చేరాయి గాని, వాటి పళ్లచక్రాలకు చోటివ్వడానికి ఎడం 41 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది.

మాస్కో సమీపంలోని క్రాస్నొగోర్స్క్ కర్మాగారం 1948లో ఫెడ్ నమూనాతోనే ‘జోర్కి’ని ఆరంభించి, 1956లో సెకనులో వెయ్యో వంతు వేగం గల జోర్కి-4ను తెచ్చింది. ఇందులో షట్టర్‌ను ఎక్కించిన తరువాతే వేగం మార్చాలి, లేకుంటే యంత్రం చెడుతుంది. కీయెవ్ కెమెరాలది మరో వంశం. అవి జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ వారసులు కనుక వాటి షట్టర్ గుడ్డ తెర కాక, పైనుంచి కిందికి కదిలే లోహపు పలకల తెర.

ఫెడ్, జోర్కిలపై లైకా పేరు చెక్కి అమ్మడం నేటికీ సాగుతున్నది. లెన్స్ విప్పి లోపల దాన్ని తాకే చిన్న మీట కొసను చూస్తే గుట్టు బయటపడుతుంది: లైకాలో అక్కడ చిన్న చక్రం ఉంటుంది, ఫెడ్, జోర్కిలలో సాధారణంగా చీలవంటి నాలుక ఉంటుంది.