అద్దకంవాడి పట్టుపోగు

విద్యుత్తు చరిత్ర అనగానే అందరూ ఫ్రాంక్లిన్ గాలిపటం దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం కాంటర్‌బరీ అద్దకంవాడు స్టీఫెన్ గ్రే దగ్గర మొదలుపెడతాను. చలికాలంలో పట్టుచీర మడత విప్పితే చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునే నేతగాళ్ల ఇల్లు మాది. ఆ పక్షపాతం ఉంటుంది మరి.

గాజుగొట్టాన్ని రుద్దితే ఈక వచ్చి అంటుకోవడం అప్పటికే తెలిసిన వింత. దుమ్ము పడకుండా గొట్టానికి బిగించిన బిరడా కూడా ఈకను లాగడం గ్రే కంటపడింది. బిరడాకు పుల్ల గుచ్చాడు, దంతపు బంతి తగిలించాడు, ఆపైన పురికొస కట్టాడు. 1729 జూలైలో మిత్రుడు వీలర్ ఇంట్లో ఆ పురికొసను పట్టుపోగు మీద ఆనించి 80 అడుగుల దాకా లాగితే, అవతలి కొసన బంతి ఇత్తడి రేకు తునకల్ని లేపింది. తర్వాత బరువుకి పట్టు తెగింది. ఆనిక సన్నగా ఉంటే చాలనుకుని పట్టుకు బదులు ఇత్తడి తీగ కట్టారు. గొట్టం ఎంత రుద్దినా రేకు కదిలితే ఒట్టు! సంగతంతా పట్టులోనే ఉంది. వాహకం, బంధకం అన్న తేడా అలా బయటపడింది.

మరుసటేడు 47 పౌండ్ల బరువున్న కుర్రాణ్ణి తాళ్లతో గాలిలో పడుకోబెట్టి, పాదాల దగ్గర గొట్టం పెడితే మొహం వైపు రేకులు ఎగిరొచ్చాయి, పాపం. 1731లో రాయల్ సొసైటీ తొలి కోప్లే పతకం గ్రేకే ఇచ్చింది.