అనుబంధ ఆహారం: పాత్రలు, జాగ్రత్తలు

బిడ్డకు 6 నెలలు నిండాక తల్లిపాలతో పాటు పెట్టే మెత్తని ఆహారాన్ని అనుబంధ ఆహారం అంటారు. పాలు మాన్పించడం కాదిది. రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కొనవలసినవి తక్కువే. బిడ్డకు విడిగా స్టీలు గిన్నె, అంచులు నునుపైన చిన్న చెంచా, మెడకు కట్టే గుడ్డ చాలు. పూర్వం పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసేవారు. అలా పోస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలసీసాతో జావ పట్టడం మరీ చెడ్డది. సీసా పీకలో సూక్ష్మజీవులు చేరి విరేచనాలు పట్టుకుంటాయి. మిక్సీ తప్పనిసరేమీ కాదు. పప్పన్నం చెంచా నుంచి జారిపోనంత చిక్కగా మెదిపితే సరిపోతుంది.

బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, పక్కనే ఉండి తినిపించాలి. వేరుశనగ గింజలు, కోయని ద్రాక్షపండ్లు, పచ్చి క్యారెట్ ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి. తేనె నాకించే అలవాటు ఇంకా పోలేదు. బొటులిజం అనే జబ్బు ముప్పు ఉంది కనుక ఏడాది నిండేదాకా అది వద్దే వద్దు.

ఏడాదిలోపు బిడ్డకు గొంతులో అడ్డుపడి దగ్గు, ఏడుపు కూడా రాకపోతే, తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పట్టుకుని భుజాల మధ్య 5 సార్లు చరచాలి. తగ్గకపోతే వెల్లకిలా తిప్పి, రెండు వేళ్లతో రొమ్ము నడుమ 5 సార్లు నొక్కాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టకూడదు.