మంగళము పాడిన పిమ్మట



మన దేశమున ఏ విద్యకైనను ఆరంభమునకు ఒక విధి కలదు. చదువునకు అక్షరాభ్యాసము, నాట్యమునకు గజ్జెపూజ, కావ్యమునకు ఇష్టదేవతాస్తుతి యున్నవి. ఒక్క రాత్రి జరుగు కచ్చేరీకి ముగింపును గూడ మన పెద్దలు ఏర్పరచిరి. గాయకుడు మంగళము పాడినంతనే సభ లేచును. హరిదాసు కథ ముగించి హారతిపళ్లెరము త్రిప్పించును. కాని ఒక రాత్రి పాటకు గాక, ఒక జీవితకాలపు పాటకు మంగళమెట్లు పాడవలెనో ఏ శాస్త్రమును చెప్పలేదు. పైగా లోకవ్యవహారమున “మంగళము పాడినాడు” అను మాట ఎగతాళిలోనికి దిగినది. నేడు నేను మనవి చేయబోవునది తన పాటకు తానే మంగళము పాడుకొన్న ఒక గాయనిని గూర్చియు, ఆ మంగళమును విని లేచిపోవుటకు మనసొప్పక సభలోనే కూర్చుండిన మావంటి శ్రోతలను గూర్చియు.

నేను కాపురముండునది హైదరాబాదు పాతబస్తీకి చేరువనున్న కంచన్‌బాగ్. పేరునకు బంగారుతోట. ఇప్పుడచ్చట రక్షణశాఖవారి ప్రయోగశాలలును, 1970లో స్థాపించిన భారత్ డైనమిక్స్ కర్మాగారమును, ప్రత్యేక లోహములను తయారుచేయుటకు 1973లో స్థాపించిన మిధానియు నున్నవి. ఈ కొలువులకై తమిళులు, మలయాళులు, కన్నడిగులు వచ్చి మా నడుమ కాపురములు పెట్టిరి. నేను సమీపమున నొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి 2017లో విరమించితిని. సాయంకాలము మేము అయిదుగురము ఒక యింటి ముంగిట చేరుట బహుకాలముగా వాడుక. కొలిమి దగ్గర పనిచేసి విరమించిన తమిళుడొకరు, లెక్కలు వ్రాసిన మలయాళి యొకరు, యంత్రములు నడపిన కన్నడిగుడొకరు, పూర్వము పాటల క్యాసెట్ల దుకాణము నడపిన సాహెబుగారొకరు, అయిదవవాడను నేను. మా అయిదుగురికి మతము వేరు, మాట వేరు, తినెడి కూడు వేరు. అందరికిని ఉమ్మడిగా నున్న సొత్తు ఒక్కటే. అది యస్. జానకిగారి గొంతు.

జానకిగారు 1938 ఏప్రిల్ 23వ తేదీన గుంటూరు మండలము రేపల్లె తాలూకా పల్లపట్ల గ్రామమున జన్మించిరి. తండ్రిగారు శిష్ట్లా శ్రీరామమూర్తిగారు ఆయుర్వేద వైద్యులు, ఉపాధ్యాయులు. బాల్యమున ఎక్కువకాలము సిరిసిల్లలో గడచినది. సంగీతమున తొలి పాఠములు చెప్పినవారు పైడిస్వామిగారను నాదస్వర విద్వాంసులు. 1956లో ఆకాశవాణివారు జరపిన పోటీలో ద్వితీయ బహుమతి నందిరి. 1957లో తమిళమున ‘విదియిన్ విళయాట్టు’ అను చిత్రమునకును, తెలుగున ‘ఎం.ఎల్.ఏ.’ అను చిత్రమునకును పాడిరి. 1962లో ‘కొంజుం సలంగై’ అను తమిళ చిత్రమున కారుకురిచ్చి అరుణాచలంగారి నాదస్వరముతో పోటీపడి యొక పాట పాడిరి. నాదస్వరము ఊదువారి ఊపిరికి మనుష్యకంఠము సరితూగుట సులభము గాదు. తొలి గురువు నాదస్వర విద్వాంసుడగుట ఆ దినమున అక్కరకు వచ్చినదని నా తలపు.

ఆ పిమ్మట అరువది సంవత్సరముల చరిత్ర మీరెరుగనిది కాదు. పసిపిల్ల గొంతుతో పాడిరి, ముదుసలి గొంతుతో పాడిరి. జాతీయ బహుమతులు నాలుగు వచ్చినవి. తమిళమున ‘పదినారు వయదినిలే’ చిత్రమునకును, మలయాళమున ‘ఒప్పోళ్’ చిత్రమునకును, తెలుగున ‘సితార’ చిత్రమునకును, మరల తమిళమున ‘తేవర్ మగన్’ చిత్రమునకును పాడిన పాటలకవి లభించినవి. కన్నడమునకు ఆ నాల్గింటిలో వంతు లేకున్నను, మా కన్నడ మిత్రుడు “బహుమతి మీకు, మనిషి మాకు” అని వాదించెడివాడు. గూడూరులో జరిగిన ఒక పాటల పోటీలో బాలుడొకనికి రెండవ బహుమతి రాగా, ముఖ్య అతిథిగా వచ్చిన జానకిగారు వానికే మొదటిది రావలసినదని చెప్పి ప్రోత్సహించిరి. ఆ బాలుడే పిమ్మట యస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు. 2013లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదము నొసంగగా, అది ఆలస్యముగా వచ్చినదనియు, దక్షిణదేశపు కళాకారులకు తగిన మన్నన జరుగుటలేదనియు చెప్పి, స్వీకరింపరైరి. కాదన్నచో కాదని చెప్పగల మనిషి యని ఆనాడే మాకు తెలియవలసియుండెను.

2016లో ఆ వార్త వచ్చినది. మలయాళమున ‘10 కల్పనకళ్’ అను చిత్రమునకు ఒక జోలపాట పాడి, ఇకమీదట పాడనని జానకిగారు ప్రకటించిరి. అప్పటికి వారికి డెబ్బదియెనిమిది సంవత్సరములు.

ఆ సాయంకాలము మా ముంగిట కొంతసేపు ఎవ్వరును నోరు విప్పలేదు. మలయాళి మిత్రునకు మాత్రము దుఃఖముతోపాటు రవంత గర్వము. “కడపటి పాట మా భాషకే దక్కినది” అనెను. తమిళుడు కోపించి, “మొదటిది మాది” అనెను. కన్నడిగుడు, “పంతులుగారూ, ఆమె యింకను పాడగలరు. గొంతు చెడలేదు. చెడకముందే మానుటయేమి?” అని నన్ను నిలదీసెను. మేమందరము కలసి ఒక విన్నపము వ్రాయవలెనని నిశ్చయించితిమి. ఈ పేట నుండి నాలుగు భాషలవారము కోరుచున్నాము గనుక ఒక్కమారు వచ్చి పాడుడని దాని సారాంశము. నేను పండితుడను గదా, తెలుగు భాగము పద్యములలో నుండవలెనని నాకు వంతు వచ్చినది. సాహెబుగారు మాత్రము నవ్వి, “నేను దుకాణము మూసిననాడు ఒక్కడైనను విన్నపము పెట్టలేదు పంతులుగారూ! తలుపు తాళము వేసి తిరిగి చూచితిని. వీధి యెప్పటివలెనే నడచుచుండెను” అనెను. మేమును నవ్వితిమి గాని ఆ మాట నన్ను వదలలేదు.

రెండు రాత్రులు కూర్చుండి నాలుగు సీసపద్యములు వ్రాసితిని. యతులు చక్కగా కుదిరినవి. కాని ఆ కాగితమును తపాలాపెట్టెలో వేయలేకపోతిని. కారణము చెప్పుటకు మా ఊరికి పోవలెను.

మూసీ తీరమున మా గ్రామమున నాకు ఆంధ్ర మహాభారతము చెప్పిన గురువుగారు రామాలయములో నలువది సంవత్సరములు పురాణము చదివిరి. వారి గొంతు ఊరి చివరి గుడిసె వరకు వినబడెడిది. ఎనుబదియవ యేట వారు, “ఇక చాలును నాయనా, పుస్తకము నీవు తీసికొనుము” అనిరి. నేను ఒప్పుకొనలేదు. ఊరిలో నలుగురను కూడగట్టుకొని పోయి, “మీరు లేని పీట మాకు వద్దు” అని బ్రతిమాలితిని. శిష్యుని మాట త్రోసివేయలేక వారు శ్రీరామనవమికి వచ్చి పీటపై కూర్చుండిరి. ఉద్యోగపర్వమున, వారు వేయిమారులు చదివిన పద్యము, రెండవ పాదమున తప్పిపోయినది. మరల ఎత్తుకొనిరి. మరల అచ్చటనే తప్పినది. వెనుకవరుస పిల్లలు నవ్విరి. వారు కోపింపలేదు. పుస్తకము మూసి కన్నుల కద్దుకొని, నా వైపు ఒక్కమారు చూచిరి. ఆ చూపును నేను ఈనాటికిని మరువలేదు. ఆ పద్యము తప్పించినవాడను నేనే. వారు సకాలమున మంగళము పాడగా, వినక పాటను సాగలాగినవాడను నేనే.

ఆ కాగితమును పెట్టెలో నుంచి, మిత్రులకు ఈ కథ చెప్పితిని. తమిళ మిత్రుడు ఒక న్యాయమైన ప్రశ్న వేసెను. “అబ్దుల్ కలాముగారు మన కంచన్‌బాగులోనే గదా కొలువు చేసినది? 1982లో ఇచ్చటి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చిరి. రాష్ట్రపతి పదవి ముగిసిన పిమ్మటను ఊరక కూర్చుండలేదు. 2015 జులై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యసించుచునే ఒరిగిపోయిరి. విద్యగలవాడు అట్లుగదా పోవలెను?” అనెను. నిజమే. అది మహత్తరమైన మరణము. కాని అది కలాముగారు కోరుకొన్న మార్గము, ఎవరును వారిని బలవంతపెట్టి వేదిక నెక్కింపలేదు. రఘువంశమున దశరథుని చెవిదగ్గర నెరసిన వెండ్రుక రాజ్యమును రామునకప్పగింపుమని గుసగుసలాడినట్లు కాళిదాసు వర్ణించినాడు. ఆ గుసగుస వినవలసినవాడు చెవి గలవాడే గాని ప్రక్కనున్న పౌరులు కారు. ఒకరికి అది వినబడును, ఒకరికి వినబడదు. ఇరువురును తప్పుచేసినవారు కారు.

ముగింపులు ఎన్ని విధములో చరిత్ర చెప్పుచున్నది. తిరుపతి వేంకటకవులు ఊరూర శతావధానములు చేసి ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూపిన జంట. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించియు, తాను వ్రాసినదానిని జంటపేరుననే ప్రకటించుచుండిరి. జంట విడిపోయినదని ఆయన కలము ఒప్పుకొనలేదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974 ఫిబ్రవరి 11న అస్తమించినప్పుడు ఏబదియొక్క సంవత్సరములవారు. నేనప్పుడు బడిపిల్లవాడను. ఊరి పంచాయతి రేడియో ముందు పెద్దలు తువ్వాళ్లు నోటికడ్డము పెట్టుకొని నిలుచుండుట చూచితిని. ఆయన వీడ్కోలు చెప్పలేదు, చెప్పు వ్యవధి లేకపోయెను.

పాశ్చాత్య దేశములందు విద్యుత్తుతో పలుకు తంత్రీవాద్యములు పట్టుకొని బిగ్గరగా పాడు బృందములున్నవి. వీనిని రాక్ బృందములందురు. మా మనుమని వలన వీనిని గూర్చి వింటిని. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమున 1968లో ఏర్పడిన ‘బ్లాక్ సబ్బాత్’ అను బృందము, 2025 జులై 5న తాము పుట్టిన ఆ నగరముననే కడపటి కచ్చేరీ చేసినది. ప్రధానగాయకుడు ఆజీ ఆస్బోర్న్ వ్యాధిచే నిలువలేక సింహాసనమువంటి పీఠమున కూర్చుండి పాడెను. జులై 22న, అనగా పదునేడవ దినమున, మరణించెను. ఆ సంగీతము నా చెవికి ఎక్కదు. ఆయినను ఆ చిత్రములో అచ్చట ఏడ్చుచున్న తల నెరసిన శ్రోతలను చూచి, వీరు మా ముంగిటివారే యనుకొంటిని.

ఇక జానకిగారి వీడ్కోలు. ప్రకటన చేసిన పిమ్మట, 2017 అక్టోబరు 28న, మైసూరులోని మానసగంగోత్రి ఆరుబయలు రంగస్థలమున అభిమానుల కొరకు ఒక కచ్చేరీ చేసి, ఇదియే కడపటిదని చెప్పిరి. మా కన్నడ మిత్రుడు రైలెక్కి పోయివచ్చెను. మేమందరము చుట్టుముట్టి, ఏమేమి పాడిరని అడిగితిమి. అతడు చాలసేపు మాటాడక, “ఏమి చెప్పుదును? ఆమె పాడుచుండగా నేను పాట వినలేదు. ఇంకెన్ని పాటలు మిగిలియున్నవో యని లెక్కపెట్టుచు కూర్చుంటిని” అనెను. అభిమానమునకు ఇంతకంటె పెద్ద జబ్బు లేదని నాకు తోచినది. ముందున్న పాటను వదలి, రాబోవని పాటకొరకు ఏడ్చుట! గురువుగారి విషయమున నేను చేసినదియు నదియే.

ఆ సంవత్సరమే నేనును పాఠశాల విడిచితిని. కడపటి దినమున పిల్లలు, “మాస్టారూ, రేపు ఒక్క పాఠము చెప్పి పొండు” అని చేతులు పట్టుకొనిరి. ఆ పిలుపు ఎంత తీయనిదో, దానిని కాదనుట ఎంత కష్టమో ఆనాడు తెలిసినది. చిన్న బడిలో నలువది మంది పిల్లల పిలుపే నన్ను కుదిపివేసినప్పుడు, నాలుగు భాషల జనుల పిలుపును కాదనిన ఆ తల్లికి ఎంత గుండెదిటవు కావలసివచ్చెనో!

ఒక సంగతి మనవిచేసి ముగింతును. మన దేవాలయములందు ప్రాతఃకాలమున సుప్రభాతముతో స్వామిని మేల్కొలిపి, రాత్రి పవ్వళింపుసేవలో లాలిపాట పాడి తలుపులు మూయుదురు. దినములో ఎన్ని కీర్తనలు పాడినను కడపటిది జోలపాటయే. జానకిగారు చిత్రసీమకు కడపటిదని చెప్పి పాడినదియు జోలపాటయే. తలుపు మూసినపుడు భక్తుడు గుడి యెదుట నిలిచి తలుపు తట్టడు. ప్రసాదము కన్నుల కద్దుకొని ఇంటికి పోవును. పోవుచు త్రోవలో ఆ పాటనే తనలో తాను పాడుకొనును.

మా ముంగిట ఇప్పుడు అదియే జరుగుచున్నది. సాహెబుగారు దుకాణము మూసినపుడు మిగిలిన క్యాసెట్లను పెట్టెలో దాచియుంచిరి. దినమునకొక్క పాట, ఒక్కటియే, పెట్టుదుము. అది ముగియువరకు ఎవ్వరును మాటాడరాదు, లెక్కపెట్టరాదు. నా సీసపద్యములు పెట్టెలోనే యున్నవి. మీ గ్రామమున పురాణము చదువు వృద్ధులుగాని, చెక్కభజన చేయించు గురువులుగాని “ఇక చాలును నాయనా” అన్నచో, బ్రతిమాలకుడు. వారి చేతి పుస్తకమును వినయముతో అందుకొనుడు.

సెలవు.