వితంతువునకు వీలునామా

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియుచోట జంషెడ్‌పూరు నగరము వెలసినది. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమైన పిదప సాక్చి గ్రామమునొద్ద కర్మాగారము లేచినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టిరి. పని వెదకికొనుచు వంగదేశమునుండియు, బీహారునుండియు, ఆంధ్రదేశమునుండియు జనులు వచ్చిరి. వారికి పూర్వమే హో, సంతాల్, భూమిజ జాతులు ఆ ప్రాంతమున నివసించుచుండినవి. వలస వచ్చినవాడు మూటాముల్లెతో పాటు తన కుటుంబధర్మమును కూడ వెంట తెచ్చుకొనెను.

1930 ప్రాంతమున ఆ సీమలో ముగ్గురు స్త్రీలు పుత్రసంతానము లేకయే వైధవ్యము పొందిరనుకొందము. వంగస్త్రీకి దాయభాగము వర్తించును. ఉమ్మడి కుటుంబమైనను భర్త భాగము ఆమె చేతికి వచ్చును. తెలుగు స్త్రీకి మితాక్షర ధర్మము. మరిదితో ఉమ్మడిగా నుండి భర్త గతించినచో భాగము మరిదికే చెందును, ఆమెకు మిగులునది మనోవర్తి. హో స్త్రీకి ఆచారమే శాసనము. భూమిపై బ్రతుకవచ్చును గాని భూమి ఆమెది కాదు. ముగ్గురి దశలు వేరైనను ఒక్క విషయము సమానము. స్త్రీధనము మాట అటుంచి, భర్తవలన సంక్రమించిన భూమిని తమ యనంతరము ఫలానావారికి చెందవలెనని వ్రాయుటకు మువ్వురిలో ఎవరికిని అధికారము లేదు. వంగస్త్రీ హక్కు సయితము జీవితాంతము వరకే. పిమ్మట ఆస్తి భర్త వారసులకు మరలిపోవును.

హిందీలోని ‘వసీయత్’ అను మాటకు మనము ‘వీలునామా’ అందుము. ఆంగ్లపదమునకు పారసీక ప్రత్యయము తగిలి పుట్టిన మాట యిది. కాని తెలుగు చెవికి అందు ‘వీలు’ అను మన మాటయే వినబడును. వితంతువునకు లేకపోయినది ఆ వీలే.

1937 నాటి చట్టము వితంతువునకు భాగమిచ్చినది గాని అదియు పరిమితమైన హక్కే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగమున, స్త్రీ స్వాధీనములోని ఆస్తికి ఆమెయే సంపూర్ణ స్వామిని యని ప్రకటించెను. 30వ విభాగము మరణశాసనము వ్రాయు అధికారమును గుర్తించెను. అక్షరములు మారినంత మాత్రమున కుటుంబములు మారునా? మితాక్షర సీమయైన మన నెల్లూరునుండి వచ్చిన వ్యాజ్యమే ఇందుకు సాక్ష్యము. తులశమ్మ భర్త 1931లో గతించెను. 1937 చట్టమునకు ముందే గతించుటచే ఆమెకు మనోవర్తి తప్ప గతి లేకపోయెను. 1944లో ఆమె దానికై న్యాయస్థానమును చేరెను. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకు వచ్చెను; అమ్మరాదు, ఆమె యనంతరము అది మరదియైన శేషారెడ్డికి చెందవలెనని షరతు. 1961లో ఆమె కొంత భూమి అమ్మగా శేషారెడ్డి దావా వేసెను. ఉన్నత న్యాయస్థానములో ఆమె ఓడిపోయెను. 1977లో సర్వోన్నత న్యాయస్థానము, మనోవర్తి దయాధర్మము కాదు, హక్కు. ఆ హక్కునకు బదులుగా లభించిన ఆస్తి ఆమెకు సంపూర్ణముగా చెందును అని తీర్పు చెప్పెను. తిరుగాడుటకు పట్టిన కాలము ముప్పది రెండేండ్లకు పైమాట. అయినను వివాదము ముగియలేదు. 14వ విభాగములోని రెండు భాగముల పొత్తు తేల్చుటకై 2024లో ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించిరి.

హో స్త్రీకి ఈ చట్టము అందలేదు. షెడ్యూల్డు తెగలకు అది తనంతట వర్తింపదు. అచట 1908 నాటి ఛోటానాగపూరు కౌలుదారీ చట్టము భూమిని పురుష సంతతికే యిచ్చుచున్నది. ఆదివాసుల నేలను పరులనుండి కాపాడిన చట్టమే యిది. ఆడుబిడ్డ పరకులమున పెండ్లాడినచో నేల చేజారునను భయము నిరాధారమని కొట్టివేయరాదు. కాని ఆ భయమునకు మూల్యము చెల్లించునది వితంతువే. 1982లో దాఖలైన ఫిర్యాదుపై 1996లో తీర్పు వచ్చినది. అధిక సంఖ్యాక న్యాయమూర్తులు చట్టమును కొట్టివేయలేదు. స్త్రీలు ఆ భూమిపై ఆధారపడి జీవించునంతకాలము పురుష వారసుల హక్కును నిలిపివైచిరి. అనగా ఆమెకు కూడు దక్కెను, కలము దక్కలేదు.

కలము దక్కియు పట్టనిచో నేమగునో 2009 నాటి తీర్పు తెలుపును. పెండ్లియైన మూడు నెలలకే భర్తను కోల్పోయి, అత్తవారింటినుండి గెంటివేయబడి, పుట్టింటివారి ఆదరమున చదివి ఉద్యోగము చేసిన యొక స్త్రీ వీలునామా వ్రాయక 1996లో మరణించెను. ఆమె స్వార్జితము కన్నతల్లికి దక్కలేదు. 15వ విభాగమును బట్టి, భర్త సోదరి కుమారులకు చెందెను. ఏ గడప ఆమెను వెలివేసినదో ఆ గడపకే ఆమె కష్టార్జితము చేరినది.

వీలునామా కుటుంబమున కలహము పుట్టించునని పెద్దలందురు. చరిత్ర చూడగా కలహము కాగితమునకు ముందే యున్నది. ఆమె మాట చెల్లునా చెల్లదా యనుటయే ఆ కలహము. ఒక వితంతువు తన పేర నాలుగు పంక్తులు వ్రాసి సంతకము చేయుటకు ఎన్ని తరములు పట్టినదో యెరిగినవారు, ఆ కాగితమును స్వార్థమని నిందింపరు.