విమాన ఆవిరి చారలు

బాగా ఎత్తున ఎగిరే విమానాల వెనుక సన్నగా, పొడవుగా ఏర్పడే తెల్లటి మేఘాలను విమాన ఆవిరి చారలు లేదా కాంట్రెయిల్స్ అంటారు. చూపుకు పొగలా అనిపించినా వీటిలో ఉండేది ప్రధానంగా మంచు స్ఫటికాలు. ఇవి ఎక్కువగా 8 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో కనిపిస్తాయి.

ఏర్పడే విధానం

జెట్ విమానాల ఇంధనం కిరోసిన్ రకానికి చెందినది. అది మండినప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. కిలో ఇంధనం నుంచి సుమారు 1.25 కిలోల నీటి ఆవిరి వెలువడుతుంది. ఈ వేడి ఆవిరి దాదాపు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా చల్లటి గాలిలో కలిసి, ఇంజిన్ వదిలిన మసి రేణువులపై బిందువులుగా చేరి వెంటనే గడ్డకడుతుంది. ఇందుకు పట్టే కొద్దిపాటి వ్యవధి వల్లే ఇంజిన్‌కూ చారకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది.

నిలకడ

చార ఎంతసేపు ఉంటుందో నిర్ణయించేది అక్కడి గాలిలోని తేమ. గాలి పొడిగా ఉంటే స్ఫటికాలు కొద్దిసేపట్లోనే ఆవిరైపోతాయి. మంచుకు సంబంధించి అతిసంతృప్త స్థితిలో ఉంటే, స్ఫటికాలు చుట్టూ ఉన్న తేమను గ్రహించి పెరుగుతాయి. చార గంటల తరబడి నిలిచి, వెడల్పై, సిర్రస్ మేఘంలా పరుచుకుంటుంది. ఒకే సమయంలో వేర్వేరు ఎత్తుల్లో వెళ్లే రెండు విమానాల్లో ఒకదాని వెనుకే చార ఉండటానికి కారణం ఇదే. ఎక్కువసేపు నిలిచే చారలు రసాయనాలు చల్లడం వల్ల వస్తాయన్న ప్రచారానికి ఆధారం లేదు.

అధ్యయన చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ చారలు బాంబర్ల జాడను శత్రువుకు పట్టించేవి. అందువల్ల అవి ఎప్పుడు ఏర్పడతాయో ముందే తెలుసుకోవడం సైన్యాలకు అవసరమైంది. ఇందుకు కావలసిన ఉష్ణోగ్రత, తేమల లెక్కను జర్మనీలో ఎర్నెస్ట్ ష్మిట్ 1941లో ప్రతిపాదించగా, అమెరికాలో హెర్బర్ట్ ఆపిల్‌మన్ 1953లో అభివృద్ధి చేశారు. నేటికీ దీన్ని ష్మిట్-ఆపిల్‌మన్ ప్రమాణం అంటారు. కనీసం 10 నిమిషాలు నిలిచే చారలకు ప్రపంచ వాతావరణ సంస్థ 2017 నాటి అంతర్జాతీయ మేఘాల అట్లాస్‌లో ‘సిర్రస్ హోమోజెనిటస్’ అని పేరు పెట్టింది.

వాతావరణంపై ప్రభావం

పగటి పూట ఈ మేఘాలు కొంత సూర్యరశ్మిని వెనక్కి పంపుతాయి. భూమి నుంచి వెలువడే వేడిని మాత్రం పగలూ రాత్రీ అడ్డుకుంటాయి. మొత్తమ్మీద ఇవి భూతాపాన్ని పెంచుతాయని అంచనా. అతిసంతృప్త గాలి పొరలు సాధారణంగా పలచగా ఉంటాయి కాబట్టి, వాటిని ముందే గుర్తించి విమానం ఎత్తును కొద్దిగా మారిస్తే చాలా చారలను నివారించవచ్చు. అయితే ఆ మార్పుకు అదనపు ఇంధనం ఖర్చు కావచ్చు. అందువల్ల తేమను కచ్చితంగా అంచనా వేయడం కీలకం.