నానీమా లెక్క

మా నానీమా పుట్టిన తేదీ ఏ కాగితంలోనూ లేదు. ‘తుగ్యానీ సాల్’ అనేది. అంటే 1908, మూసీ వరద హైదరాబాదును ముంచిన ఏడు.

1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్‌ను కొందరు విమోచన అన్నారు, కొందరు విలీనం అన్నారు. అప్పటి బీదర్ జిల్లాలో, జహీరాబాద్ పక్క పల్లెలో ఉన్న నానీమాకు అది మా నానా తిరిగిరాని నెల. పిల్లలతో సహా ఆమెను వారం రోజులు ఇంట్లో దాచింది మాదిగవాడలోని ఒక ముసలవ్వ. ఈ రెండింటినీ నానీమా మాకు కలిపే చెప్పింది.

సుందర్‌లాల్ కమిటీ మృతులను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా కట్టింది. ఆ నివేదికను సర్కారు దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది. 2001లో నానీమా పోయేదాకా ఆ లెక్కలో తన మనిషీ ఉన్నాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మీరెవరని అడిగేవాళ్లకు మా జవాబు: చచ్చినవాళ్ల లెక్కా, దాచినవాళ్ల ఇల్లూ రెండూ మా చరిత్రే.